ఘనా యాత్ర: టికెట్టు కన్నా ముందు ఆలోచించవలసినవి

సెలవుల్లో విదేశీయానం అనగానే భారతీయ మధ్యతరగతి కుటుంబాలకు దుబాయ్, సింగపూర్, థాయ్‌లాండ్ ముందుగా స్ఫురిస్తాయి. ఆఫ్రికా అంటే కెన్యా అభయారణ్యాలు, మారిషస్ తీరం. గినీ సింధుశాఖ ఒడ్డున ఉన్న ఘనా ఆ జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. 2025 జూలైలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆ దేశ రాజధాని అక్రాలో పర్యటించారు. 1995లో పీవీ నరసింహారావు వెళ్లిన తర్వాత భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టడం అదే ప్రథమం. ఆ పర్యటనలో ఇరుదేశాల సంబంధాలు సమగ్ర భాగస్వామ్య స్థాయికి చేరాయి. ప్రభుత్వాల నడుమ పెరిగిన ఈ సాన్నిహిత్యం ప్రజల రాకపోకల్లోనూ ప్రతిఫలించాలంటే, యాత్రికులు ముందుగా కొన్ని వాస్తవాలను గ్రహించాలి.

మొదటిది ఆరోగ్యం. ఘనాలో ప్రవేశానికి పచ్చజ్వరం, అనగా ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. తిరుగు ప్రయాణంలో దాని అవసరం మరింత ఎక్కువ. ఈ వ్యాధిని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మన దేశంలో విస్తారంగా ఉంది. డెంగీని మోసేదీ అదే. అయితే పచ్చజ్వరం మాత్రం ఇంతవరకు మన గడ్డపై వ్యాపించలేదు. దోమ ఉండి వ్యాధి లేని దేశంలోకి ఒక్క రోగి ద్వారా వైరస్ ప్రవేశించినా ముప్పు తీవ్రంగా ఉంటుంది. అందుకే చెల్లుబాటయ్యే పత్రం లేకుండా ఆ దేశాల నుంచి వచ్చేవారిని, స్వదేశీయులైనా సరే, గరిష్ఠంగా ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితకాలం వర్తిస్తున్నది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటిది. విమాన టికెట్లు ముందుగా కొని, టీకా సంగతి చివరి వారానికి వదిలేయడం ఖరీదైన పొరపాటు.

మలేరియా విషయం వేరు. దానికి పచ్చజ్వరం టీకా రక్షణనివ్వదు. ఘనా అంతటా మలేరియా ఉన్నందున వైద్యుని సలహా మేరకు నివారణ మాత్రలు, దోమతెర అవసరం. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21 మలేరియా టీకాను పిల్లల కోసం ప్రపంచంలో మొట్టమొదట, 2023 ఏప్రిల్‌లో, ఆమోదించిన దేశం ఘనాయే.

రెండవది కాలం. దక్షిణ ఘనాలో ఏప్రిల్ నుంచి జూలై వరకు ప్రధాన వర్షకాలం. సెప్టెంబరు, అక్టోబరుల్లో మరికొన్ని వానలు. నవంబరు నుంచి మార్చి వరకు పొడి వాతావరణం. అయితే ఆ నెలల్లోనే సహారా ధూళిని మోసుకొచ్చే హర్మటాన్ గాలి వీస్తుంది. డిసెంబరులో ప్రవాస ఆఫ్రికన్ల రాకతో అక్రాలో బస ధరలు బాగా పెరుగుతాయి.

ఆ ప్రవాసులు వినోదానికి మాత్రమే రావడం లేదు. బానిసలుగా తరలిపోయిన తమ పూర్వీకుల జాడ వెతుక్కుంటూ వస్తారు. తొలి ఆఫ్రికన్లు వర్జీనియా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా 2019ని ఘనా 'పునరాగమన సంవత్సరం'గా పాటించింది. 1482లో పోర్చుగీసువారు కట్టిన ఎల్మినా కోట, దానికి సమీపంలోని కేప్ కోస్ట్ కోట ఆ చరిత్రకు సాక్ష్యాలు. కేప్ కోస్ట్‌లో బందీల చీకటికొట్టుపైనే ప్రార్థనామందిరం ఉండేది. ఈ తీరంలోని కోటలు 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా ఉన్నాయి.

ఆ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు. ఎల్మినాను 1637లో చేజిక్కించుకున్న డచ్చివారికి అదే శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తక కోఠీ ఉండేది. కోరమండల్ తీరపు నేతగాళ్లు నేసిన నూలువస్త్రాలు ఐరోపా మీదుగా పశ్చిమ ఆఫ్రికా చేరి, మనుషుల కొనుగోలులో మారకపు సరుకుగా చెల్లాయి. నేసిన చేతికి ఆ సంగతి తెలియదు. తెలిసిన మనం ఆ కోట గోడల వద్ద నవ్వుతూ ఫొటోలు దిగే ముందు క్షణం ఆగవలసి ఉంటుంది.

ఘనాకు పర్యాటకం నేడు కేవలం ఆతిథ్యం కాదు. 2022 డిసెంబరులో ఆ దేశం అధికశాతం విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేసింది. 2023 మేలో అంతర్జాతీయ ద్రవ్యనిధి 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించింది. అటువంటి ఆర్థిక వ్యవస్థకు ప్రతి విదేశీ డాలరూ విలువైనదే. స్థానిక మార్గదర్శకుని, చిన్న భోజనశాలను, చేతివృత్తుల వారిని ఆశ్రయించే యాత్రికుని ఖర్చు నేరుగా కుటుంబాలకు చేరుతుంది.

కనుక ముందుగా టీకా, తర్వాత వీసా, ఆ పిమ్మట టికెట్టు. ఈ వరుస పాటిస్తే ప్రయాణం సుగమమవుతుంది. ఆఫ్రికా అంటే రోగాలనో, అడవులనో పాతుకుపోయిన అభిప్రాయాన్ని కూడా సామానుతో పాటు మోసుకెళ్లకుండా ఉంటే, ఆ యాత్ర సార్థకమూ అవుతుంది.