ఉర్దూ చదువు నుంచి జ్ఞానపీఠం దాకా



ఈ మూడు నెలల్లో మన సంఘం తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒక్కటే. "పిల్లలకు బడిలో కన్నడం, ఇంగ్లీషు, హిందీ ఉన్నాయి. తెలుగు లేదు. మన భాష వాళ్ళకెలా వస్తుందండీ?" దీనికి నా దగ్గర ఉపదేశమేమీ లేదు. ఒక పెద్దాయన సంగతి మాత్రం చెబుతాను.

డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు 1931లో కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టారు. అప్పట్లో కరీంనగరూ, మన బీదరూ ఒకే నిజాం రాజ్యంలోవి. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడే కదా, మన జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు అటు వెళ్ళాయి, మనం ఇటు ఉండిపోయాం! ఆ రాజ్యంలో పెద్ద చదువు ఉర్దూలోనే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన భాషా అదే. నారాయణరెడ్డిగారు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు.

మరి తెలుగు ఎలా అబ్బింది? ఊళ్ళో హరికథలు, వీధి భాగవతాలు, జానపదుల పాటలు విని అబ్బింది. ముందు చెవికెక్కింది, తర్వాత కలానికి దిగింది. ఆ పైన ఉస్మానియాలోనే తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునిక కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద పరిశోధించి 1962లో డాక్టరేటు పొందారు. అక్కడే ఆచార్యులయ్యారు. 'మంటలూ మానవుడూ' కావ్యానికి 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చాయి. విశ్వనాథ సత్యనారాయణగారి తర్వాత తెలుగుకు అది రెండో జ్ఞానపీఠం. మూడోది 2012 సంవత్సరానికి రావూరి భరద్వాజగారికి దక్కింది. ఆయన హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు.

అదే ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారిని సాహిత్య అకాడమీ తన ఫెలోగా ఎన్నుకుంది. ఒక కాలంలో జీవించి ఉన్న ఫెలోలు ఇరవై ఒక్కరికి మించకూడదని నియమం. 2003లో వెలువడిన ఆయన ద్రావిడ భాషల గ్రంథం చూస్తే, తెలుగు, కన్నడం ఒకే కుటుంబానివే అయినా, తెలుగుకు మరింత దగ్గరి చుట్టాలు గోండి, కువి వంటి భాషలని తెలుస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావుగారిని కూడా 2021లో అకాడమీ గౌరవ ఫెలోగా ఎన్నుకుంది.

కన్నడానికి ఎనిమిది జ్ఞానపీఠాలున్నాయి. మన పిల్లలు కన్నడం బాగా చదవాలి, ఆ ఎనిమిదిమందినీ తెలుసుకోవాలి. అన్నం పెట్టే నేల భాషను చిన్నచూపు చూస్తే తెలుగు పెరగదు. కానీ బడిలో లేదని ఇంట్లోనూ మానేస్తే, తప్పు బడిది కాదు, మనది.

అక్షరాలు ఆరునెలలు ఆలస్యమైనా నేర్పవచ్చు. చెవిని మాత్రం పదేళ్ళు ఎండబెట్టి, ఆ తర్వాత తడుపుదామంటే కష్టం. అందుకని రాత్రి అన్నాల దగ్గర టీవీ కట్టేసి, ఒక కథో, ఒక సామెతో, అమ్మమ్మ పాడే పాటో తెలుగులో వినిపించండి. పిల్లలు విన్నదాన్ని వచ్చీరాని అక్షరాల్లోనైనా రాయించి నాకు పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షిక చోటు వాళ్ళకే ఇస్తాను.

ఉంటాను మరి.