కొలత యుండగా భయమేల?

శ్రీరాంపూరు బొగ్గుగనులలో గాలిని పరీక్షింపక కార్మికులను లోనికి దింపరాదు. మీథేను వాయువు కంటికి కనబడదు. కావున దానిని కొలిచి, ఆ కొలతనుబట్టియే ప్రమాదము కలదో లేదో నిశ్చయింతురు. వదంతినిబట్టి గనిని మూయరు, తెరువరు. ఈ వివేకము హెచ్.ఐ.వి. విషయమున మాత్రము మన యిండ్లలోనికి రాకుండుట విచారకరము. వ్యాధి కలదని తెలిసినంతనే కంచము వేరుచేయుదురు. కోడలిని పుట్టింటికి పంపివేయుదురు. కంచమువలన, స్పర్శవలన ఈ వ్యాధి సోకదు. దాంపత్యమువలన సోకునా యను ప్రశ్నకు సైతము నేడు కొలత కలదు.

ఒక మిల్లీలీటరు రక్తమునందు వైరసు ప్రతులు ఎన్ని కలవో తెలుపునది వైరల్ లోడ్ పరీక్ష. ఏ.ఆర్.టి. మందులు ప్రతిదినము తప్పక పుచ్చుకొన్నచో, సామాన్యముగా ఆరు మాసములలో ఆ సంఖ్య పరీక్షకు అందనంతగా తగ్గును. మన దేశముతోగూడ తొమ్మిది దేశములలో 1,763 జంటలతో జరిపిన పరిశోధనయందు, ముందుగా చికిత్స ఆరంభించినచో భాగస్వామికి సంక్రమించుట నూటికి 96 పాళ్లు తగ్గునని 2011లో తేలినది. 2016లో ప్రకటితమైన ఐరోపా పరిశోధనలో, చికిత్సచే వైరసు అణగియున్న 888 జంటలు కండోము లేకయే కాపురము చేసినను, భాగస్వామినుండి ఒక్కరికైనను సోకినట్లు కానరాలేదు. వైరసు పరీక్షకు అందనివారు మందులు వాడుచున్నంతకాలము వారినుండి లైంగికముగా సంక్రమించు ప్రమాదము లేదనియు, సంఖ్య వేయికి మించనిచో అది దాదాపు శూన్యమనియు 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

అయినను ఏమరుపాటు తగదు. గనిలో నిన్నటి కొలత నేటికి చాలదు గదా! మందు మానినచో వైరసు మరల విజృంభించును. సూదులు పంచుకొనువారికి ఈ అభయము వర్తింపదు. చనుబాల విషయమున వైద్యుని సలహా వేరుగా పొందవలెను. ఇతర సుఖవ్యాధులను ఈ మందులు ఆపజాలవు గనుక కండోము ప్రయోజనము తీరిపోలేదు.

చికిత్స పొందు వారందరికిని ఈ పరీక్ష జరుపుటకు ప్రభుత్వము 2018లో పూనుకొన్నది. కాని సంఖ్య చికిత్సాకేంద్రపు పుస్తకములో నిలిచిపోయినచో సగము ఫలమే దక్కును. రోగికిని, అతడు సమ్మతించినచో భార్యకును, దాని యర్థమును తేటతెలుగున విప్పిచెప్పవలెను. మస్టరు పోవునను భయమున గని కార్మికుడు పరీక్ష మానుకొనరాదు. ఆ దినమునకు వేతనముతో సెలవు లభింపవలెను. రహస్యము కాపాడుట దయాధర్మము కాదు, 2017నాటి హెచ్.ఐ.వి. చట్టము విధించిన బాధ్యత. యాజమాన్యమును, కార్మిక సంఘములును ఈ విషయమున ఏకము కావలెనని మా విజ్ఞప్తి. గనిలో కొలతను నమ్మి ప్రాణములొడ్డు కార్మికునకు, తన యింట ఆ కొలతను నమ్మి నిర్భయముగా బ్రదుకు హక్కు లేకపోవునా?