గిటార్ చేస్తే ఇజ్జత్ పోతుందా?

మొన్న జుమా నమాజ్ అయి మసీదు మెట్లు దిగుతుంటే జనగామ నుంచి మా ఆపా ఫోన్. సలాంకు జవాబు కూడా పూర్తిగా వినలేదు. "నువ్వు జల్దీ రారా. నీ భాంజా ఇంటిని కట్టెకోత మిషన్ చేసిండు. ఎవరి మాటా వింటలేడు. మామూ చెప్తే వింటడేమో" అంది. వెనకాల నుంచి మా దుల్హాభాయి గొంతు: "గిటారంట, గిటార్! చదువు మానేసి సాజ్‌లు చేస్తడంట!"

మాది మూడు జిల్లాల ఖాందాన్. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు మా ఇల్లు కూడా కాగితాల మీద మూడు ముక్కలైంది. ఆపా జనగామలో, అమ్మీ మహబూబాబాద్‌లో (మా నోట అది ఇప్పటికీ మానుకోటే), నేను నౌకరీ కోసం భూపాలపల్లిలో. మాకు రైలు లేదు. పరకాల మీదుగా బస్సులో హన్మకొండ, కాజీపేటలో రైలెక్కి జనగామ. దారి పొడుగునా వాడికి ఏం నసీహత్ చెయ్యాలో మాటలు పేర్చుకుంటూనే పోయాను.

డాబా మీదికి ఎక్కి చూశాక ఆ మాటలన్నీ మరిచిపోయాను.

పక్క గల్లీలో పాత పెంకుటిల్లు కూలగొడుతుంటే వాడు ఒక టేకు తలుపు కొనుక్కొచ్చాడు. దాన్ని కోసి, చెక్కి, గిటార్ ఒళ్లు తీశాడు. దాని పక్కన నోట్‌బుక్. అందులో లెక్కలు. "మామూ, తీగ మొత్తం పొడుగు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో వస్తది, 36.4. మిగిలిన పొడుగును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇట్లనే పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంల, 324 దగ్గర పడ్తది. అర మిల్లీమీటర్ తప్పినా చెవికి తెలుస్తది" అన్నాడు. ఇంజినీరింగ్‌లో మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉన్న పిల్లాడు వీడేనా అని ముఖం చూశాను.

ఎలక్ట్రిక్ గిటార్‌కు కడుపు బోలుగా ఉండక్కర్లేదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. దాన్నే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. బావి మోటార్లు కాలిపోతే మన వైండింగ్ షాపుల్లో చుట్టే పనికి ఇది చెల్లెలి వరస. సెలవుల్లో వాడు అలాంటి షాపులోనే కూర్చుని చుట్టడం నేర్చుకున్నాడు. అక్కడి తీగ లావు కాబట్టి సన్నది వేరే తెప్పించుకుని, ఆపా కుట్టుమిషన్ చక్రానికి బిగించి చుట్టాడు. ఇంట్లో మొదటి జగ్‌డా ఆ మిషన్ దగ్గరే మొదలైందని తర్వాత తెలిసింది.

తెలియక చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్పాడు. టేకులో నూనె ఉంటుంది, తుడవకుండా ఫెవికాల్ పెడితే నాలుగు రోజులకే అతుకు ఊడింది. ఇప్పుడు థిన్నర్‌తో తుడిచి అతికిస్తున్నాడు. ఆరు తీగలు బిగిస్తే మెడ మీద పడే లాగుడు సుమారు 45 కిలోలు, అంటే మానుకోట మార్కెట్లో ఒక మిర్చి బస్తా బరువు. అందుకే మెడ లోపల ఇనుప కడ్డీ పెట్టాలి. మొదటి మెడలో అది పెట్టలేదు, విల్లులా వంగింది. ఆ వంగిన మెడను పారెయ్యకుండా గోడకు వేలాడదీశాడు.

కిందికి దిగాక పంచాయితీ. దుల్హాభాయి మొదటి సవాల్: "సాజ్ చెయ్యడం జాయజేనా? అది చెప్పు ముందు."

నేను ముఫ్తీని కాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, అఖ్‌బార్ నౌకరీ చేసుకునేవాణ్ని. మౌసీఖీ గురించి ఉలమాలో ఇఖ్తిలాఫ్ వందల ఏళ్లుగా ఉంది. చాలామంది సాజ్‌లను మనా చేశారు. ఇమామ్ గజాలీ లాంటివారు సమా గురించి షరతులతో, వివరంగా రాశారు. మనసులో నిజంగా ఆ ఖౌఫ్ ఉన్నవాళ్లు తమకు ఎతెబార్ ఉన్న ఆలిమ్‌ను అడగాలి. నేను దాన్ని తేలిక చేసి మాట్లాడను.

కానీ ఆ రోజు దుల్హాభాయిని ఒక్కటి అడిగాను. "వాడు దుకాణంలో గిటార్ కొనుక్కొస్తే ఇంత గొడవ చేసేవాడివా?" ఆయన ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పాడు: "కొంటే గింతగనం గొడవ చెయ్యకపోదు. పిల్లలన్నంక షౌఖ్ ఉంటది. కానీ బీటెక్ చదివే పోరడు చేతిల రందా పట్టుకుని బురద గోచీలా... నలుగురు చూస్తే ఏమంటరు?"

అదీ సంగతి. హలాల్, హరామ్ మాట ముందుకొచ్చింది గానీ, దాని వెనక నిలబడ్డది ఇజ్జత్. మన నిఖా ఇళ్లలో బరాత్‌కు మర్ఫా మోగుతుంది. ఉర్సులో ఖవ్వాలీ దగ్గర బ్యాంజో మోగుతుంటే రాత్రంతా కూర్చుంటాం. వాయించేవాడికి నోటు అందిస్తాం. ఆ బ్యాంజో ఎవరు చేశారు, దాని చెక్క ఎవరు కోశారు అని ఎప్పుడన్నా అడిగామా?

చేతిపనిని తక్కువగా చూడమని మన దీన్ చెప్పలేదు. తన చేతి మెహనత్‌తో తిన్నదానికంటే మేలైన తిండి లేదని, దావూద్ అలైహిస్సలాం తన చేతి కష్టం మీదే బతికేవారని హదీస్ ఉంది. జకరియా అలైహిస్సలాం వడ్రంగి అని కూడా ఉంది. వాళ్లు గిటార్లు చెయ్యలేదు కదా అనొచ్చు. నిజమే. నేను మాట్లాడుతున్నది రందా గురించి, ఉలి గురించి, అవి పట్టిన చెయ్యి గురించి.

మన తారీఖ్ కూడా కొంచెం చూద్దాం. మహారాష్ట్రలో మిరజ్ అనే ఊరుంది. సితార్లకు, తాన్‌పురాలకు దేశమంతా పేరు. 2024లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పని మొదలుపెట్టింది షికల్‌గర్‌లు, అంటే కత్తులకు, ఆయుధాలకు సాన పట్టే ముస్లిం కారీగర్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఆయుధాల గిరాకీ పడిపోయినప్పుడు, ఫరీద్‌సాహెబ్ లాంటివాళ్లు అవే చేతులతో సొరకాయ బుర్రలు, చెక్క పట్టి సితార్ల వైపు మళ్లారు. ఇప్పుడు ఆ వంశాల్లో కొందరి ఇంటిపేరే సితార్‌మేకర్.

అంత దూరం వద్దంటే మన దూదేకుల భాయిల విల్లు గుర్తు చేసుకోండి. పెద్ద చెక్క విల్లు, దానికి నరంతో చేసిన తీగ, దాన్ని కొట్టే చెక్క సుత్తి. దూది మీద ఆ తీగ మోగుతుంటే గల్లీ చివరి దాకా వినిపించేది. అదే బిరాదరీ నుంచి షేక్ నాజర్ వచ్చారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయనది. భుజాన తంబూర పెట్టుకుని బుర్రకథను తెలుగు నేలంతా తిప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దాచుకోవాలని లోకం చెప్పిన పేరును పుస్తకం అట్ట మీద పెట్టుకున్న మనిషి ఆయన.

మా ఆపా ఉండే జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది. పాల్కురికి సోమనాథుడి ఊరుగా చెప్పుకుంటారు. డిగ్రీలో ఆయన బసవపురాణం చదివినప్పుడు కిన్నెర బ్రహ్మయ్య కథ దగ్గర ఆగిపోయాను. కిన్నెర వాయించేవాడు భక్తుల వరసలో కూర్చున్నాడు. ఆ కిన్నెరను మన తెలంగాణలో డక్కలివాళ్లు తమ చేతులతోనే చేసుకుంటారు. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లను అతికించడానికి తేనెమైనం. ఎలక్ట్రిక్ గిటార్‌లో చుట్టిన రాగి తీగ కదిలి కూత పెట్టకుండా దాన్ని కూడా కరిగిన మైనంలోనే ముంచుతారట. మా భాంజా చెప్పాడు. కిన్నెర చేసే తాతకు, వీడికి ఒకే సామాను పనికొస్తోందన్నమాట.

ఇక్కడ అసలు ఫికర్ కూడా చెప్పాలి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మోగించి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రెండేళ్లు దాటాక ఆయన కూలి పనికి పోతున్న వార్త పేపర్లలో చూశాం. అవార్డు ఉన్న మనిషి పరిస్థితే అదైతే, నా కొడుకు గిటార్లు చేసి ఏం తింటాడు అని దుల్హాభాయి అడిగితే అది సూటి ప్రశ్నే. ఫ్యాక్టరీ గిటార్ పది వేల లోపే దొరుకుతుంది. వాడు నెలలు పెట్టి చేసినదానికి ఆ ధర కూడా ఎవరూ ఇవ్వకపోవచ్చు. కాబట్టి "చదువు వదిలేసి గిటార్లు చెయ్యి బేటా" అని నేను చెప్పలేదు, చెప్పను.

కానీ హునర్‌కు రిజ్క్ దారులు ఒక్కటే ఉండవు. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్స్‌లో ఒక దోస్త్ గిటార్ మెట్లు అరిగిపోతే హైదరాబాద్ పంపించి నెల రోజులు ఆగాడు. చర్చీల్లో, స్కూళ్లలో, పెళ్లి బ్యాండ్లలో తీగ వాయిద్యాలు ఎన్ని ఉన్నాయో, వాటిని బాగుచేసేవాళ్లు మా మూడు జిల్లాల్లో ఎంతమంది కనిపిస్తారో మీరే లెక్కేసుకోండి. సోల్డరింగ్ వచ్చిన చెయ్యి, మిల్లీమీటర్ తేడా పట్టే కన్ను గిటార్ దగ్గరే ఆగిపోవు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది, ఇత్తడి రేకును సుత్తితో కొట్టి ప్రాణం పోసే ఉస్తాద్‌లున్న ఊరు. పిల్లాణ్ని ఒక నెల అక్కడ శాగిర్ద్‌గా కూర్చోబెట్టినా లోహం గురించి కాలేజీ చెప్పనిది తెలుస్తుంది.

దుల్హాభాయికి ఇంకో బాప్ కథ కూడా చెప్పాను. ఇంగ్లండ్‌లో బ్రయన్ మే అనే కుర్రాడు 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలుపెట్టాడు. కొనే తాహత్ లేదు. ఏళ్లనాటి పొయ్యి గూటి చెక్కతో మెడ, అమ్మ కుట్టుడబ్బాలోని ముత్యపు గుండీలతో మెడ మీద గుర్తులు, పాత మోటార్‌సైకిల్ స్ప్రింగులు. తర్వాత క్వీన్ అనే బ్యాండ్‌లో దునియా అంతా విన్నది ఆ గిటార్‌నే. దాంట్లో పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ మన పంచగనిలో చదువుకున్న పార్సీ పిల్లాడు, అసలు పేరు ఫర్రోఖ్ బుల్సారా. ఆ తండ్రి కూడా, కొడుకు పీహెచ్‌డీ మధ్యలో వదిలి బ్యాండ్‌తో పోతే చాలా బాధపడ్డాడు. రాత్రుళ్లు కూర్చుని గిటార్ చేసిపెట్టిన తండ్రే! కొడుకు 2007లో, అరవై ఏళ్ల వయసులో, ఆ పీహెచ్‌డీ పూర్తి చేశాడు. అప్పటికి తండ్రి లేడు.

దుల్హాభాయి ఏమీ అనలేదు. చాయ్ తాగుతూ డాబా మెట్ల వైపు చూశాడు.

ఇంతకూ నేను ఎందుకింత వకాల్తా పుచ్చుకున్నానో చెప్పకపోతే ఈ రాత అధూరాగా ఉంటుంది. మా అబ్బా బఢయీ. మానుకోటలో ఆయన చేసిన తలుపులు, ఊయలలు ఇంకా ఉన్నాయి. హైస్కూల్లో కొత్త సార్ వచ్చి ఒక్కొక్కరిని "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే, నేను "కాంట్రాక్టర్" అన్నాను. ఆ సాయంత్రం అబ్బా రంపం పొట్టు దులుపుకుని నా ఫీజు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన ఇంతిఖాల్ అయ్యాక, రందాలు, ఉలులు, బరమాలు ఉన్న పెట్టెను పాత ఇనుపసామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మింది నేనే. ఇల్లు సర్దుతున్నామని అమ్మీకి చెప్పాను. పెట్టె తూకం వేస్తుంటే ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ ఉలులు ఈరోజు ఉంటే నా భాంజా చేతిలో ఉండేవి. వాడు ఆన్‌లైన్‌లో కొన్న ఉలి రెండు రోజులకే మొద్దుబారింది.

జనగామ నుంచి నేరుగా భూపాలపల్లికి పోకుండా మానుకోట రైలెక్కాను. అమ్మీకి విషయం చెప్పాను. ఆమె అల్మారా అడుగు నుంచి ఒక గుడ్డమూట తీసింది. లోపల అబ్బా గునియా. మూలమట్టం చూసే పరికరం. చెక్క పిడి మీద ఆయన చెక్కుకున్న చంద్రవంక అలాగే ఉంది. "నువ్వు తూకం వేయించిన రోజు ఇదొక్కటి తీసి దాచిన" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అనలేదు.

ఇప్పుడు అది జనగామ డాబా మీద ఉంది. షరతులు మేమే రాశాం: బ్యాక్‌లాగ్ పాస్ కావాలి, పొట్టు లేస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, అజాన్ అయితే మిషన్ ఆపాలి, ఆపా కుట్టుమిషన్ ముట్టొద్దు. దుల్హాభాయి ఇంకా పూర్తిగా రాజీ కాలేదు. కానీ మొన్న ఫోన్‌లో ఆపా చెప్పింది, ఎండ పడుతోందని డాబా మీద ఆయనే తడక కట్టాడట.

భాయీ, బెహెన్, మీ ఇంట్లో కూడా అటక మీద ఒక పెట్టె ఉండే ఉంటుంది. దర్జీ కత్తెరో, దూదేకుల సుత్తో, సానరాయో. కబాడీవాడికి వేసే ముందు ఇంట్లో పిల్లలను పిలిచి, ఇది మీ దాదా ఎలా పట్టుకునేవాడో చూపించండి. వాళ్లు దాంతో ఏం చేస్తారో తర్వాత మాట్లాడుకోవచ్చు.