ఫోజు వెనక పని

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బీచికి పోయే కార్లలో ఇప్పుడు సముద్రస్నానాల వాళ్ళే కాదు, ప్రీవెడ్డింగ్ షూటింగుల వాళ్ళూ ఉంటున్నారు. ఒడ్డుకు లాగిపెట్టిన పడవ పక్కన కాబోయే పెళ్ళికొడుకు వల భుజాన వేసుకుంటాడు. "అన్నా, లాగుతున్నట్టు పట్టుకోండి. గడ్డం కిందికి... రెప్ప వెయ్యొద్దు" అంటాడు ఫొటోగ్రాఫరు. ఆ వల ఎవరిదో ఆ పెద్దాయన పక్కనే చిరుగులు కుట్టుకుంటూ, "లాగినట్టు ఏంది అబ్బయా, రేపు తెల్లారుజామున రా, లాగుదువు" అని నవ్వుతాడు.

ఇంగ్లిషువాడి 'పోజ్' బహురూపి. కెమెరా ముందు నిలబడడమూ అదే, ప్రశ్న వెయ్యడమూ అదే, ప్రమాదం తెచ్చిపెట్టడమూ అదే, ఆఫీసరునని చెప్పుకుని అమాయకుల దగ్గర డబ్బు గుంజడమూ అదే. మనవాళ్ళు అందులోంచి కెమెరాకీ, డాబుకీ సరిపడా తెచ్చుకుని ఫోజు అన్నారు. మిగతా వాటి కోసం ఎవరి గడపా తొక్కక్కర్లేదు. మారువేషాల సంగతి నెల్లూరు వాళ్ళకు అసలే ఒకరు చెప్పాలా?

నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిపోయిన భారతాన్ని నెల్లూరు ఏలిన మనుమసిద్ధి మంత్రి తిక్కన విరాటపర్వంతో అందుకున్నాడు. ఆ పర్వం నిండా వేషాలే. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. అయితే వలలుడు పేరు మార్చుకుని ఊరుకోలేదు, ఏడాది పొడుగునా విరాటుడి వంటశాలలో పొయ్యి ముందు నిలబడ్డాడు. బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పింది. సైరంధ్రి సుదేష్ణకు జడలల్లింది, కీచకుడి చేత తన్నులూ తిన్నది. ఎవరి వేషానికి తగ్గ పని వాళ్ళు చేశారు. అందుకే ఆ వేషాలు నిలిచాయి.

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య పూనుకుని, పొణకా కనకమ్మ వంటివారి అండతో నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఆయనకు ఫోజు అంటే గిట్టదు. దగ్గరి బంధువు కనూ గాంధీ కెమెరా పట్టుకుంటానంటే మూడు షరతులు పెట్టారు: ఫ్లాష్ వాడకూడదు, ఫోజు పెట్టమని అడగకూడదు, ఆశ్రమం డబ్బు ఇవ్వదు. 1946లో అమెరికా ఫొటోగ్రాఫరు మార్గరెట్ బూర్క్‌వైట్ రాట్నంతో ఆయన బొమ్మ తీస్తానని వస్తే, ముందు నీకు వడకడం వచ్చా అని కార్యదర్శి అడిగాడట. రాదంటే నేర్చుకోమన్నారు. ఆమె కూర్చుని, దారం తెగుతుంటే అతుక్కుంటూ నేర్చుకున్నాకే లోపలికి వెళ్ళింది. ఆ ఫొటో చూడండి. ముందు రాట్నం, వెనక గాంధీజీ కాగితాలు చదువుకుంటూ ఉంటారు. కెమెరా వైపు చూడరు.

ఇప్పుడు అక్టోబరు 2 వస్తే ఊరూరా రాట్నం ముందు కూర్చునేవాళ్ళకు కొదవ లేదు. చెయ్యి చక్రం మీద, చూపు కెమెరా మీద, దూది మాత్రం ఉండదు. చీపురు పట్టే నాయకులైతే పారిశుద్ధ్య కార్మికులు తెల్లారకముందే ఊడ్చిన చోటునే మళ్ళీ ఊడుస్తారు. దీని మీద వేరే చెప్పేదేమీ లేదు.

మన సాహిత్యలోకం మాత్రం ఏం తక్కువ తిన్నది? సన్మానసభలో శాలువాను నలుగురు పట్టుకుంటారు, నలుగురూ ఫొటోగ్రాఫరునే చూస్తారు. కప్పించుకునే పెద్దమనిషి మెడ ఎటు ఉందో ఎవరికీ పట్టదు. ఆవిష్కరణలో పుస్తకాన్ని గుండెల దాకా ఎత్తి పట్టుకున్న ఆరుగురిలో దాన్ని విప్పి చూసినవారు ఎందరన్నది అడగకపోవడమే మర్యాద. కవి, మేధావి అనే వేషాలు ఎవరైనా వేసుకోవచ్చు, అభ్యంతరం లేదు. వలలుడి లెక్కన వంట కూడా రావాలి, అంతే.

మా పత్రికకు వచ్చే కథల వెంట ఫొటోలు వస్తుంటాయి. చెంపకు ఆన్చిన చెయ్యి, కిటికీలోంచి దూరంగా చూపు, వెనక అద్దాల బీరువా. ఫొటో స్టూడియోలో తీయించిందని తెలిసిపోతుంది; కథ ఒక్క ఊపున రాసి తిరిగి చూసుకోలేదనీ తెలిసిపోతుంది. రచయితలకు మనవి: ఇకమీదట ఫొటో పంపనక్కర్లేదు. ఆ తీరికలో కథ ఇంకోసారి తిరగరాసి పంపండి.