పొద్దు ఏ తట్టు ఉంది?

పోయిన ఆదివారం మన సంఘం కుర్రాళ్ళు పాలారు ఇసుకలో కూడి జియోక్యాషింగ్ అనే ఆట మొదలుపెట్టినారు. ఒక డబ్బాలో చిన్న నోటుబుక్కు, పెన్సిలు వేసి ఒకచోట దాచడం, ఆ చోటి అక్షాంశం, రేఖాంశం మిగతావాళ్ళకు ఇవ్వడం, వాళ్ళు వెతికి పట్టుకుని, బుక్కులో పేరు రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి రావడం. ఇంతే. "డబ్బాలు దాచే ఆటకు సంఘం డబ్బెందుకు?" అని కొందరు పెద్దలు అడిగినారు. అడగడం న్యాయమే. వాళ్ళతో కూడా పోయి చూసిన రిటైరైన వాళ్ళం మేం ఐదుగురం. డబ్బు ఇవ్వాలనే మా మాట. కానీ ఆట ఆడే పద్ధతి మారాలి.

ఈ ఆట పుట్టి ఇంకా ముప్పై ఏండ్లు కాలేదు. జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను అడవిలో పెట్టి, దాని అంకెలు లోకానికి చెప్పినాడు. అందులో బీన్స్ డబ్బా కూడా ఉండిందంట!

మనవాళ్ళు ఆడింది చూస్తే మాత్రం మాకు దిగులే పట్టింది. అందరి తలలూ ఫోన్లలోనే. బాణం గుర్తు ఎటు తిరిగితే అటు నడిచినారు. మధ్యలో ఒక పిల్లవాణ్ణి ఆపి "అబ్బయ్యా, కాట్పాడి ఏ తట్టు?" అంటే ఫోను చూసి చెప్తానన్నాడు. ఆ పిల్లవాడు పుట్టింది కాట్పాడిలోనే.

దీన్ని నవ్వుకుని వదిలేయలేం. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట నిండి, గుడియాత్తంలో కౌండిన్య పొంగిన రోజులు మీకు జ్ఞాపకం ఉంటాయి. మాలో ఒకరి కూతురు, అల్లుడు, చంటిబిడ్డ ఆ రాత్రి కారులో పోతూ ఉంటే, ఫోను వాళ్ళను నేరుగా తరైపాలం మీదికి పొమ్మనింది. పాలం మీద నీళ్ళు పారుతున్నాయి. దేవుడి దయ, అల్లుడు బండి ఆపినాడు. వెనక్కి తిప్పినాక ఫోను చార్జీ అయిపోయింది. వానలో, చీకట్లో, తెలిసిన ఊళ్ళోనే రైలు పట్టాలు ఎటున్నాయో, ఏరు ఎటునుంచి ఎటు పారుతుందో ఇద్దరికీ తెలియలేదు. ఎవరో పెద్దామె తలుపు తీసి దారి చెప్పేదాకా రెండు గంటలు అక్కడే ఉండిపోయినారు.

మాకు దిక్కులు ఎవరూ పాఠంగా నేర్పలేదు. బడిలో తమిళం కాబట్టి అక్కడ కిళక్కు, మేర్కు. ఇంట్లో తూర్పు, పడమర. తమిళంలో కిళక్కు అంటే కింది తట్టు, మేర్కు అంటే మీది తట్టు. మన నేల వాలు అట్లే ఉంది, పాలారు పారేదీ తూర్పుకే. మాటలోనే మ్యాపు ఉంది. "పడమటి గోడ కాడ చెంబు పెట్టు" అని మా అమ్మలు అనేవాళ్ళు. ఇప్పుడు మన ఇండ్లలో అంతా లెఫ్టు, రైటు. ఆ లెఫ్టు మనిషి తిరిగితే తానూ తిరిగిపోతుంది.

ఇంకొకటి. ఒక అమ్మాయి ఎక్కడో నేర్చుకుని వచ్చి, "మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు" అనింది. అది చలిదేశాల పాఠం. మన ఊరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మనకు నడిమధ్యాహ్నం పొద్దు ఉత్తరం తట్టే ఉంటుంది. నమ్మకపోతే చూడమని ఇసుకలో కర్ర నాటినాం. నడిమధ్యాహ్నం కూడా మనకు సరిగ్గా పన్నెండుకు రాదు. గడియారం టైము 82.5 డిగ్రీల రేఖది, మనం 79 కాడ ఉన్నాం, అందుకని సుమారు పన్నెండుంబావు అవుతుంది. (1906కు ముందు రైళ్ళు మద్రాసు టైము మీద నడిచినాయని చెప్తే పిల్లలు నోరు తెరిచినారు.) పన్నెండుంబావుకు కర్ర నీడ పొట్టిగా, దక్షిణానికే పడింది. ఆ అమ్మాయి నీడ కొనకాడ రాయి పెట్టి ఫొటో తీసుకుంది. ఆ పూట ఎవరైనా ఏదైనా నేర్చుకున్నారంటే అదే.

రాత్రయితే ధ్రువ నక్షత్రం. చెయ్యి చాపి పిడికిలి పట్టితే సుమారు పది డిగ్రీలు. దాని మీద రెండు వేళ్ళు ఆనిస్తే, ఉత్తరాన నేల అంచు నుంచి అంత ఎత్తులోనే అది ఉంటుంది. ఆ ఎత్తే మన అక్షాంశం.

అందుకని మేం అడిగేది ఇది. పది దిక్సూచులు, కొన్ని సర్వే ఆఫ్ ఇండియా షీట్ల ప్రింట్లు సంఘం కొనియ్యాలి. ముందు షీటు, దిక్సూచి, అడుగుల లెక్క. డబ్బా చోటు చేరినామని నమ్మకం కలిగినాకనే ఫోను తీసి సరిచూసుకోవాల. ఫోను కూడా ఆఖరి నాలుగైదు మీటర్లలో తడబడుతుంది, అక్కడ కండ్లే దిక్కు.

డబ్బాలు ఎక్కడ దాచాలో కూడా కట్టుదిట్టంగా ఉండాల. మోర్ధానా పక్క రిజర్వు అడవి వద్దే వద్దు, కౌండిన్య అడవి ఏనుగులు ఈ తట్టుకూ వస్తాయి. వేలూరు కోట వద్దు, అది పురావస్తు శాఖది. రైల్వే స్టేషను అసలే వద్దు. ఎవరిదో తెలియని డబ్బా ప్లాట్‌ఫారం మీద కనబడితే ఏమవుతుందో ఉద్యోగంలో చూసినవాళ్ళం చెప్తున్నాం. చెరువు కట్టలు, మనవాళ్ళ మామిడి తోపులు చాలు.

పాత సర్వే షీట్లలో వేలూరు 57-పిలో ఉంటే గుడియాత్తం 57-ఎల్‌లో ఉంది. మధ్యలో 79 డిగ్రీల రేఖ. కాట్పాడి, గుడియాత్తం మధ్య ఎన్ని వేలసార్లు దాన్ని దాటినామో! ఒక్కసారీ తెలియలేదు. ఆ రేఖా, 13 డిగ్రీల రేఖా కలిసే చోటు రైలు పట్టాలకు ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉంది. ఇట్లా డిగ్రీ గీతలు కలిసే చోట్లకు పోయి ఫొటోలు తీసి పెట్టేవాళ్ళు 1996 నుంచి లోకమంతా ఉన్నారు.

వచ్చే నెల రెండో ఆదివారం మేం అక్కడికి పోతున్నాం. పొద్దున ప్యాసింజరులో లత్తేరిలో దిగి నడక. పొలాలు ఉంటే యజమానిని అడిగే అడుగు పెడతాం. టోపీ, నీళ్ళు, పులిహోర ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాల. ఫోను తేవచ్చు, ఆఫ్ చేసి. గ్రూపులో ప్రశ్న అడిగిన పెద్దలు కూడా రావాలని మా కోరిక. మోకాళ్ళ నొప్పులున్న మాలాంటి వాళ్ళం మెల్లగానే నడుస్తాం.