ఆ పొదల్ని ప్రకృతి అనకండి

ఐర్లండ్ పల్లెల్లో పొదలు కమ్మేసిన పాత శ్మశానాల ఫొటోలకి 'అబ్బ, ఎంత ప్రశాంతం!' అని మురిసిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిల్లో కొన్ని 'కిల్లీన్'లు. బాప్తిస్మం అందకుండా పోయిన పసికందులు స్వర్గానికి కాక 'లింబో'కి వెళ్తారంటూ చర్చి తన శ్మశానంలో చోటివ్వలేదు. చాలాసార్లు తండ్రులే చీకట్లో మోసుకెళ్లి పాత మట్టికోటల్లోనో, పొలాల సరిహద్దుల్లోనో పూడ్చారు. గుర్తుగా ఒక రాయి. పేరుండదు. 20వ శతాబ్దం మధ్యదాకా సాగిందిది. 2007లో వాటికన్ వేదాంతుల కమిషన్ ఆ బిడ్డలకీ స్వర్గం దక్కుతుందని ఆశించవచ్చంది. అప్పటికి ఆ తల్లుల్లో ఎందరు మిగిలారు? ఆ చోటు గురించి ఎవరూ నోరెత్తకూడదన్నారు కాబట్టే అక్కడ పొదలు పెరిగాయి. కవిత్వం తర్వాత రాద్దురు గానీ, కింద ఎవరున్నారో ముందు అడగండి.