లోపలి గడియ

మా ఆదోనిలో లాడ్జి అన్నది ఆడవాళ్ళ నోట రాకూడని మాట. "ఆమెను లాడ్జి దగ్గర చూసినాం" అంటే చాలు, ఆమె చరిత్ర మొత్తం చెప్పేసినట్టే. యార్డుకు పత్తి తెచ్చిన రైతు దిగుతాడు, ఆ పత్తి కొనడానికొచ్చిన సేటు దిగుతాడు, మందుల కంపెనీ కుర్రాడు దిగుతాడు. లాడ్జిలో దిగడం మగవాళ్ళకు పని. ఆడది దిగితే దిగజారినట్టు. అదే మాట వెయ్యి మైళ్ళ అవతల, సముద్రం మధ్యలో ఒక దీవి మీద బోర్డుకెక్కితే రాత్రికి 14,000 రూపాయలు!

నిరుడు ఫిబ్రవరిలో అండమాన్లలోని హేవ్‌లాక్ దీవిలో అలాంటి చిన్న లాడ్జిలో మూడు రాత్రులు ఉన్నాను. (2018 డిసెంబరులో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. జనం నోట మాత్రం ఇంకా హేవ్‌లాకే.) సముద్రపు ఒడ్డున 8 గుడిసెలు, అంతే. ఒంటరిగా వెళ్ళాను. 32 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన డబ్బుల్లోంచి, ఎవరినీ అడక్కుండా వెళ్ళాను. వెళ్ళడం పెద్ద విషయమేమీ కాదు. తిరిగొచ్చాక విన్న మాటలే ఈ వ్యాసం రాయిస్తున్నాయి.

ఎమ్మిగనూరులో మా బంధువు ఒకామె, "ఒగతివే యేంటికి పోతివి? సముద్రం సూసేకి మొగుడన్నా కొడుకన్నా యెంట లేకపాయెనా?" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎవరూ ఇంకో రకంగా చెప్పలేదు. కోపమంతా నా మిత్రుడి మీద. ప్రజల పక్షాన రాసే మనిషి, మంచి వక్త. "కరువు సీమలో పుట్టి, వలసల గురించి మాట్లాడే మీరు కూడా రిసార్టులకు పోతే ఎట్లా మేడం?" అన్నాడు. ఈయన ఏటా డిసెంబరులో స్నేహితులతో గోవా పోయొస్తాడు. గుంతకల్లులో రైలెక్కేటప్పుడు ఆయనకు ఏ సిద్ధాంతమూ అడ్డం రాలేదు. మగవాడు ఊరు దాటితే విహారం. ఆడది దాటితే, బంధువుల దృష్టిలో బరితెగింపు, మిత్రుల దృష్టిలో వర్గద్రోహం.

ఆయనకు జవాబు చెప్పాలి. అయితే, "ఒంటరిగా ప్రయాణించండి, మిమ్మల్ని మీరు కనుక్కోండి" అని స్త్రీల పేజీల్లో వచ్చే రకం జవాబుతో నాకు పని లేదు. డబ్బు పెట్టి కొన్నదాన్ని స్వేచ్ఛ అనడం నాకు చేతకాదు. మరి నేను ఆ డబ్బుతో కొన్నదేమిటి?

వెదురు తడికెల గుడిసె. పైన ఆకుల కప్పు. టీవీ లేదు, ఫోను సరిగా అందదు. స్నానాల గదికి పైకప్పు లేదు. ఆకాశం కింద స్నానం చేయడమే అక్కడి గొప్ప ఆకర్షణట, వాళ్ళ ఫోటోలన్నీ దానివే. అది చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి ఏటా వేలమంది సుగ్గికి పోతారు. (సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, సంబరమైన మాట. సరిహద్దు దాటి మా ఊళ్ళకొచ్చేసరికి దానికి వలస అనే అర్థం మిగిలింది.) ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. చేల గట్ల మీద ప్లాస్టిక్ పట్టల గుడారాలు వేసుకుంటారు. అక్కడి ఆడవాళ్ళదీ పైకప్పు లేని స్నానమే. తెల్లారకముందో, చీకటి పడ్డాకో, రెండు చీరలు అడ్డం కట్టుకుని, ఒకరికొకరు కాపలా కాసుకుంటూ నాలుగు చెంబులు పోసుకుంటారు. పొద్దంతా మిరపకాయలు తెంపిన చేతులు ఒంటికి తగిలితే మంట. ఆ నీళ్ళు మోసుకొచ్చేదీ వాళ్ళే. కిలోల లెక్కన కూలీ కాబట్టి స్నానానికి పోయిన సమయం కూడా కూలీలో తగ్గినట్టే. గుడారానికి తలుపు అనేదే ఉండదు.

అక్కడా అదే ఆకాశం. తేడా అల్లా నీళ్ళు ఎవరు మోశారు, తలుపుకు లోపలి వైపు గడియ ఉందా లేదా అన్న దగ్గరే ఉంది. నేను కొన్నది ఆ రెండూ. సముద్రం ఎలాగూ ఎవరి సొత్తూ కాదు.

గడియ వేసుకుని పడుకున్నాను. పాలవాడికి గిన్నె పెట్టడం లేదు, ఇంకొకరి మాత్రల వేళ గుర్తుంచుకోవడం లేదు. రెండోరోజు పగలు పదకొండింటి దాకా నిద్రపోయాను. ఒంట్లో బాగాలేదా అని అడిగినవాళ్ళు లేరు. 59 ఏళ్ళ బతుకులో అది మొదటిసారి. వర్జీనియా వుల్ఫ్ 1929లో, రాయడానికి స్త్రీకి సొంత గదీ డబ్బూ కావాలంది. రాయడానికి సరే, ఏమీ రాయకుండా ఊరికే పడుకోవడానికి అక్కర్లేదా?

ఆ మంచం మీద చేనేత దుప్పటి పరిచి ఉంది. ఎక్కడ నేసిందో తెలియదు గానీ, చేత్తో తడిమితే మా ఎమ్మిగనూరు గుర్తొచ్చింది. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గాల చప్పుడుతోనే మాకు తెల్లారేది. మా వీధిలో మగ్గం మగవాళ్ళది, రాట్నం ఆడవాళ్ళది. నూలు తోడి కండెలు చుట్టి అందించేది భార్యలు, కూతుళ్ళు. కూలీ లెక్క కట్టేది నేసిన బట్టకు. చుట్టిన కండెలకు లెక్క లేదు. మా అమ్మ కొన్నివేల దుప్పట్లకు కండెలు చుట్టింది. పగటిపూట దుప్పటి కప్పుకుని పడుకోగా నేను చూసింది జ్వరాల్లోనే. ఆ జ్వరాల్లో కూడా మధ్యమధ్య లేచి పొయ్యి చూసుకుని వచ్చి పడుకునేది.

లాడ్జిలో గదులు శుభ్రం చేసే ఆమె తెలుగామే. హేవ్‌లాక్‌లో ఎక్కువగా ఉన్నది 1950లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయిన మనవాళ్ళు ఎక్కువగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు (2024లో దాని పేరు కూడా శ్రీ విజయపురం అయింది). ఈమె అక్కడి నుంచి పనికోసం వచ్చింది. "ఏటమ్మా, ఒక్కలే వచ్చీసినారా? మంచి పని చేసినారు," అంది మొదటిరోజే. నా ప్రయాణానికి దక్కిన ఒకే ఒక మెచ్చుకోలు అది! ఈ గుడిసెల్లో ఎప్పుడైనా పడుకున్నావా అని అడిగాను. "మాకేటి? చీపురట్టుకుంటేనే మేం లోపలికొచ్చీది," అని నవ్వింది. వెనకవైపు రేకుల గదిలో నలుగురు ఆడవాళ్ళు ఉంటారు. గడియ ఉందట, ఊడిపోయిందట.

"చూశారా, మీ విశ్రాంతి ఆమె చాకిరీ మీద నడిచింది," అంటాడు నా మిత్రుడు. నడిచింది. నేను కాదనను. ఆయన విశ్రాంతి 30 ఏళ్ళుగా ఆయన భార్య చాకిరీ మీద నడుస్తోంది, దాని మీద ఆయన ఇంతవరకూ వ్యాసం రాయలేదు. ఇలాంటి వాదాలన్నీ ఒక ఆడమనిషి ఒంటి మీది దుప్పటి లాగేసి సమానత్వం వచ్చిందనడం దగ్గరే ఆగుతాయి. రేకుల గదికి గడియ వేయించమని, గుడారానికి తలుపు పెట్టించమని అడగవు. 1979లో అంతర్ రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినప్పుడు వసతి బాధ్యత కాంట్రాక్టరు మీద పెట్టారు. కోసిగి నుంచి గుంటూరుకు పోయే ఆడమనిషి రాష్ట్రం దాటదు కాబట్టి ఆ చట్టం ఆమె వైపు చూడలేదు. అప్పుడు ఎంతమంది మాట్లాడారు?

అండమాన్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. 1858 నుంచి బ్రిటిష్ వాళ్ళు అక్కడికి ఖైదీలను పంపారు. ద్వీపాంతరవాస శిక్ష అనేవాళ్ళు. ఆడ ఖైదీలూ పోయారు. వాళ్ళకు విడిగా జైలు. కొన్నేళ్ళు గడిచాక మగ ఖైదీని పెళ్ళాడితే ఆ జైలు వదిలి అతనితో కాపురం పెట్టొచ్చు. ఖైదీల దీవిలో కూడా ఆడదానికి ఇల్లు దొరకాలంటే మగాడు కావలసి వచ్చిందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు పాతకాలం సంగతిలా అనిపించలేదు. రెండేళ్ళ కిందట నా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి పరీక్ష రాయడానికి ఆదోనికి వచ్చింది. రైలు ఆలస్యమై రాత్రి పదకొండింటికి దిగింది. మూడు లాడ్జీలు తిరిగింది. ఆధార్ కార్డు ఉంది, డబ్బు ఉంది. "ఫ్యామిలీ అయితేనే ఇస్తామమ్మా" అన్నారు మూడుచోట్లా. ఫ్యామిలీ అంటే ఒక మగాడు, ఎవడైనా సరే! స్టేషన్ వెయిటింగ్ రూములో కూచుని తెల్లవార్చి, ఉదయం నాకు ఫోన్ చేసింది.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో హోటళ్ళ మాట స్పష్టంగా ఉంది. దుకాణాల్లో, హోటళ్ళలో ప్రవేశానికి మతం, కులం, లింగం ఏదీ అడ్డు కాకూడదు. 1950 నుంచీ ఉంది. కౌంటర్ల వెనక గోడల మీద దేవుడి పటాలు చూశాను గానీ ఈ వాక్యం ఎక్కడా చూడలేదు.

నాకు కావలసింది అందరికీ దీవి కాదు. ఆదోనిలో ఆసుపత్రి మెట్ల మీద కూతురి కాన్పు కోసం రాత్రంతా కూచునే తల్లి, ఆఖరి బస్సు తప్పిపోయి బస్టాండులో మూట మీద తల పెట్టుకున్న ముసలామె, పత్తి పనికొచ్చి చీకటి పడ్డాక ఊరికి పోలేకపోయిన పడుచుపిల్ల - వీళ్ళకు మంచం, నీళ్ళు, మరుగుదొడ్డి, గడియ. ఎవరితో వచ్చావని అడగని మనిషి కౌంటర్లో. గుంటూరు చేల దగ్గరా అంతే. సుగ్గికి మనుషుల్ని లారీల్లో ఎక్కించుకుపోయే మేస్త్రీలకూ, పిలిపించుకునే రైతులకూ ఆ ఖర్చు లెక్కలోకి రావాలి.

ఈమధ్య మా వార్డు నాయకుడిని కలిసి, ఆడవాళ్ళకు 30 మంచాల వసతి గృహం కట్టించమని కాగితం ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఆడోళ్ళకు లాడ్జి అంటే జనం యేమనుకుంటారమ్మా?" అన్నాడు. పేరు మీ ఇష్టం, సత్రమనుకోండి అన్నాను. స్థలం ఎక్కడుందో చూపించమన్నాడు. రెండు చోట్లు చూసిపెట్టాను. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాను.